నేలకు ఏ రాయి? ఏ టైలు?



ఇల్లు కట్టించుకునేటప్పుడు గోడల రంగు గురించీ, కిటికీ పరదాల గురించీ ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటాం. నేల సంగతి మటుకు చిట్టచివర, చేతిలో డబ్బు అయిపోవచ్చే వేళకు తలపెడతాం. షాపులో దీపాల కింద తళతళలాడే పలకను చూసి, "అబ్బ, మొహం కనిపిస్తోందండీ, ఇదే వేయించేద్దాం" అని ఒక్క నిమిషంలో తేల్చేస్తాం. గోడ రంగు నచ్చకపోతే నాలుగేళ్ళకు మార్చుకోవచ్చు. నేల అలాంటిది కాదు. పాతికేళ్ళు దానిమీదే నడవాలి, దాన్నే తుడవాలి. పసిపిల్ల పారాడేదీ దానిమీదే, పెద్దవాళ్ళు జారి పడేదీ దానిమీదే.

మా నేరేడ్‌మెట్‌లో ఈ మధ్య ఏ వీధిలోకి వెళ్ళినా ఏదో ఒక పాత ఇల్లు పడగొడుతున్న చప్పుడే. మిలిటరీలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు ఈ వైపున చాలామంది ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఇళ్ళ నేలలు అయితే షాబాద్ బండలు, లేకపోతే మొజాయిక్. వాటిని గడ్డపారతో పెకలించి లారీకెత్తుతుంటారు. నలభై ఏళ్ళు నడిచిన బండ అంచు కూడా విరగకుండా పైకి వస్తుంది. అదే వీధిలో ఇంకో ఇంటావిడ, "మూడో వేసవికే మా హాల్లో టైల్సు గుడారంలా పైకి లేచాయండీ" అని మొరపెట్టుకుంటుంది. దీన్నిబట్టి రాయి మంచిదీ, టైలు చెడ్డదీ అనుకోకండి. ఏది ఎక్కడ పనికొస్తుందో తెలియకుండా వేయిస్తే రెండూ ఏడిపిస్తాయి.

మన ప్రాంతంలో నేలకు వాడే రాళ్ళు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి సున్నపురాయి జాతి. రెండోది గ్రానైటు జాతి. ఈ తేడా ఒక్కటి మనసులో పెట్టుకుంటే సగం చదువు అయిపోయినట్టే.

షాబాద్ బండలు, తాండూరు బండలు, బేతంచెర్ల బండలు, వంటింట్లో వేసే నల్లని కడప బండ, వీటన్నిటినీ మన పెద్దవాళ్ళు నాపరాళ్ళు అనేవారు. అన్నీ సున్నపురాళ్ళే. కోట్ల సంవత్సరాల కిందట నీటి అడుగున పొరమీద పొర పేరుకుని గట్టిపడినవి. పొరలుగా పేరుకున్నాయి గనకనే పలకలు పలకలుగా వూడివస్తాయి. షాబాద్ ఇప్పుడు కర్ణాటకలో వున్నది గాని, 1956 దాకా అదీ హైదరాబాదు రాష్ట్రంలోదే. తాండూరు మన వికారాబాద్ జిల్లాలోది. 1874లో వాడీ నుంచి సికిందరాబాదుకు వేసిన రైలు దారి తాండూరు మీదుగానే వస్తుంది. సికిందరాబాదు పాత ఇళ్ళలో ఈ బండలు ఇంతగా ఎందుకు కనిపిస్తాయో దీన్నిబట్టి పోల్చుకోవచ్చు. బేతంచెర్ల కర్నూలు సీమలోది. తాండూరులో సిమెంటు ఫ్యాక్టరీలు కూడా వున్నాయి. అదీ ఈ రాయి చలవే, సున్నపురాయే సిమెంటుకు ముడిసరుకు.

ఈ రాళ్ళకు రెండు మంచి గుణాలున్నాయి. వేసవిలో పాదానికి చల్లగా వుంటాయి. అరిగిపోతే, మసకబారితే, మిషను పెట్టి మళ్ళీ పాలిషు పట్టించుకోవచ్చు. ముప్ఫయ్యేళ్ళ బండ రెండు రోజుల్లో కొత్తదవుతుంది. టైలుకు ఈ భాగ్యం లేదు, పైపూత పోయిందంటే పోయినట్టే. చెడ్డ గుణాలూ రెండున్నాయి. ఒకటి, మెత్తన. మన చెప్పులకు అంటుకుని వచ్చే ఇసుక దీనికంటే ఎంతో గట్టిది. దానిమీద ఇసుకతో నడవడమంటే రోజూ గరుకు కాగితంతో రుద్దినట్టే. రెండోది పులుపు. సున్నానికీ పులుపుకూ పడదని మీకు తెలియనిది కాదు. నిమ్మరసం, చింతపండు, పెరుగు, వెనిగర్, బాత్రూములు కడిగే యాసిడ్, ఏది పడినా అక్కడ మెరుపు పోయి తెల్లగా పాలిపోతుంది. అది మరక కాదు. పై పొర కరిగిపోయి గుంట పడిందన్న మాట. ఎంత తుడిచినా రాదు, పాలిషు పట్టించాల్సిందే.

పాలరాయి కూడా ఈ కుటుంబంలోదే. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన సున్నపురాయి అది. తాజ్‌మహల్‌కు వాడిన మక్రానా రాయయినా సరే, నిమ్మచుక్కకు లొంగవలసిందే. పూజగదిలో తెల్లని పాలరాయి వేయించి, దానిమీదే కూర్చుని చింతపండు పెట్టి ఇత్తడి కుందులు తోమే ఇల్లాళ్ళను చూశాను. కుందులు మెరుస్తాయి, రాయి పోతుంది. కుందులు సింకులో తోముకోండమ్మా.

ఇక గ్రానైటు. దీని గురించి మనకెవరూ చెప్పనక్కర్లేదు. నేరేడ్‌మెట్ నుంచి మౌలాలి గుట్ట కనబడుతూనే వుంటుంది. హైదరాబాదు, సికిందరాబాదు జంట నగరాలు కూర్చున్నదే గ్రానైటు మీద. సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి రాయి. భూగర్భంలో కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడినది. అందులో ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు. వంటింటి పులుపు దాన్నేమీ చెయ్యలేదు. ఇసుకకు తొందరగా గీతలు పడవు. అంచేత వంటింటి గట్టుకు గ్రానైటును మించినది లేదని నా అభిప్రాయం. కరీంనగర్ నుంచి గోధుమరంగు రాయి వస్తుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి, నల్లటి రాయిలో బంగారు రజను చల్లినట్టుండే గెలాక్సీ రాయి వస్తుంది. శాస్త్రం ప్రకారం ఈ నల్లనిది గ్రానైటు కాదట, వేరే జాతి అగ్నిశిల. బజారులో మటుకు అదీ గ్రానైటే. మన పనికి తేడా లేదు.

నల్ల రాయి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. బూడిదరంగు రాయికి నల్లరంగు పట్టించి అమ్మేవారు వున్నారు. గోళ్ళరంగు తుడిచే ద్రావకం ఒక చిన్న సీసా సంచిలో వేసుకుని వెళ్ళండి. దూదికి అద్ది రాయిమీద ఒక మూల గట్టిగా రుద్దండి. దూది నల్లబడిందంటే మాట్లాడకుండా పక్క షాపుకు వెళ్ళండి. ఇంకో సంగతి, గ్రానైటుకు కూడా సన్నని రంధ్రాలుంటాయి. లేతరంగు రాయి అయితే నూనె పీల్చుకుని నల్లని మచ్చ పడుతుంది. నాలుగు నీటిచుక్కలు వేసి పదిహేను నిమిషాలు ఆగి చూడండి. అక్కడ రంగు ముదిరిందంటే రాయి తాగుతున్నదన్న మాట. అలాంటిదానికి సీలరు అనే మందు పూయించాలి, అది అరిగాక మళ్ళీ పూయించాలి.

టైల్సు విషయానికి వద్దాం. కాల్చిన మట్టిపలక మనకు కొత్తదేమీ కాదు. పాతబస్తీలో కుతుబ్‌షాహీల నాటి బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడలమీద రంగురంగుల మెరుగు పలకలు నాలుగు వందల ఏళ్ళు దాటినా కళ్ళు చెదిరేలా వున్నాయి. 1908 మూసీ వరదనీరు ముంచినంత మేర మటుకు కింది భాగం దెబ్బతిన్నది. పై మెరుగు ఎంత గొప్పదయినా, వెనకవైపుకు నీరు చేరితే పలక నిలవదని ఆ గోడే సాక్ష్యం. మీ బాత్రూము గోడకూ ఇదే సూత్రం.

ఇప్పటి టైలు చేసే పద్ధతి చెబుతాను. బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ మెత్తగా నూరి, పెద్ద ప్రెస్సులో అదిమి, కొలిమిలో కాలుస్తారు. చూశారా, గ్రానైటులో వున్న ఖనిజాలే ఇక్కడా వున్నాయి. భూమి కోట్ల ఏళ్ళలో వండిన వంటను మనం గంటసేపట్లో వండుతున్నాం! ఎంత వేడిలో కాల్చారు, ఎంత గట్టిగా అదిమారు అన్నదానిమీద పలక జాతి మారుతుంది. మామూలు గోడ టైలు, అంటే సిరామిక్ టైలు, తన బరువులో నూటికి పదిపాళ్ళకు మించి నీరు పీల్చుకోగలదు. పన్నెండు వందల డిగ్రీల దగ్గర కాల్చేసరికి లోపల ఖనిజాలు కరిగి గాజులా అతుక్కుపోతాయి. అది పీల్చేది నూటికి అరపాలు మించదు. దాన్నే పోర్సిలెన్ అంటారు, మన షాపుల్లో విట్రిఫైడ్ అంటారు. మన పింగాణీ కప్పుకు దగ్గర చుట్టమన్న మాట. మన దేశంలో టైల్సుకు పెద్ద ఊరు గుజరాత్‌లోని మోర్బీ. షాపులో మీరు చూసేవాటిలో ఎక్కువ భాగం అక్కడివే. మన తెలుగువాళ్ళకు దగ్గరలో యానాంలో రీజెన్సీ సిరామిక్స్ వుండేది. 2012 జనవరి గొడవల తరువాత ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళు అలాగే వుండిపోయింది.

అమ్మేవాడు విట్రిఫైడే అంటున్నాడు, నమ్మడమెలా? పలకను తిరగేసి వెనకవైపు ఒక చెంచాడు నీళ్ళు పొయ్యండి. మామూలు సిరామిక్ అయితే కాసేపట్లో పీల్చేసుకుంటుంది. విట్రిఫైడ్ అయితే నీళ్ళు అలాగే నిలబడి వుంటాయి. వేలి కణుపుతో కొట్టి చూడండి. కుండలు కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసిన పరీక్షే. గట్టిగా కాలినది ఖంగుమంటుంది. రెండు పలకల మొహాలు కలిపి పెట్టి అంచుల వైపు నుంచి చూడండి. మధ్యలో సందు కనిపిస్తే పలక వంకర పోయింది, నేల ఎగుడుదిగుడుగా వస్తుంది. పెట్టెమీద ఐ.ఎస్. 15622 అనే భారతీయ ప్రమాణం నంబరు వున్నదేమో చూడండి. విరిగిన ముక్క ఒకటి అడగండి, ప్రతి షాపులోనూ వుంటాయి. విరిగిన అంచులో రంగు పైనుంచి కిందదాకా ఒక్కటిగా వుంటే, అంచు పెచ్చు లేచినా అంతగా కనిపించదు. పైన బొమ్మ ముద్రించి లోపల వేరే రంగు వుంటే, చెంబు జారిపడిన చోట తెల్లటో ఎర్రటో మచ్చ జీవితాంతం కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, జారడం. తళతళలాడే పలక పొడిగా వున్నప్పుడు బాగానే వుంటుంది. దానిమీద నాలుగు నీటిచుక్కలు పడితే సబ్బుబిళ్ళ అవుతుంది. మా వీధిలో ఒకావిడ అత్తగారు, డెబ్భయ్యేళ్ళు దాటినావిడ, హాలు తడిగుడ్డ పెట్టి తుడిచిన అయిదు నిమిషాలకు అటు వచ్చారు. జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది, మూడు నెలలు మంచం. ఇప్పుడు వాకరు పట్టుకునే నడుస్తున్నారు. "గృహప్రవేశంనాడు అందరూ నేల ఎంత బాగుందో అన్నారు పిన్నిగారూ, ఇప్పుడు ఆ నేలను చూస్తేనే నాకు భయం" అంటుంది ఆ కోడలు. ఇంట్లో పెద్దవాళ్ళున్నా, చిన్నపిల్లలున్నా, లేక రేపు మనమే పెద్దవాళ్ళమవుతామని గుర్తున్నా, మెరుపు మోజు మానుకోండి. మెరుపు లేని మ్యాట్ పలక అడగండి. జారుడు గుణానికి ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా అంకెలు వేస్తారు, అంకె పెరిగినకొద్దీ పట్టు ఎక్కువ. బాత్రూముకూ, బట్టలుతికే చోటుకూ, బాల్కనీకీ ఆర్ 10కి తక్కువ వద్దు, ఆర్ 11 అయితే మరీ మంచిది. అంకె చెప్పలేకపోతే షాపువాడినే కాసిని నీళ్ళు అడిగి, పలకను నేలమీద పెట్టించి, తడిపి, చెప్పులు విడిచి దానిమీద నిలబడి చూడండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. అయితే మరీ గరుకు పలకల్లో మురికి పేరుకుంటుంది, బ్రష్షుతో రుద్దాలి. అందుకని గరుకుది తడిచే చోటికే వుంచుకుని, గదులకు మామూలు మ్యాట్ వేయించుకోండి.

నన్నడిగితే, వాకిట్లోకీ వరండాకూ పాలిషు పట్టని తాండూరు బండ. ఎండావానా దాన్నేమీ చెయ్యవు, తడిసినా పాదానికి పట్టు దొరుకుతుంది, ముగ్గు కూడా దానిమీద అందంగా కుదురుతుంది. వంటింటి గట్టుకు గ్రానైటు. గదులకు మ్యాట్ విట్రిఫైడ్. గోడలకు మామూలు సిరామిక్ చాలు. గోడమీద ఎవరూ నడవరు గదా, దానికి విట్రిఫైడ్ ఖర్చు దండగ. పాత ఇంట్లో మంచి షాబాద్ బండలో, మొజాయికో వుంటే పెకలించవద్దు. పాలిషు మిషను వాడిని పిలిపించి ఒక మూల పట్టించి చూడండి. కొత్త టైల్సు ఖర్చులో కొద్ది భాగంతో పోవచ్చు.

లెక్క విషయం. షాపులో రెండడుగుల పలక అంటారే, అది నిజానికి అరవై సెంటీమీటర్లు. రెండడుగులంటే అరవయ్యొకటికి కాస్త తక్కువ. చిన్న తేడాయే గాని, నాలుగు పలకల పెట్టె పదహారు చదరపుటడుగులు కాదు, పదిహేనున్నర. పన్నెండడుగులు, పది అడుగుల గదికి నూట ఇరవై చదరపుటడుగులు. కోతలకూ పగుళ్ళకూ నూటికి పదిపాళ్ళు కలిపితే నూట ముప్ఫయి రెండు. పదిహేనున్నరతో భాగిస్తే ఎనిమిదిన్నర, అంటే తొమ్మిది పెట్టెలు. ఒక్కసారే కొనండి. పెట్టెమీద బ్యాచి నంబరూ షేడు నంబరూ వుంటాయి, అన్ని పెట్టెలకూ ఒకటే వుండాలి. చీర అంచుకు జాకెట్టుగుడ్డ కలిపినంత జాగ్రత్తగా చూసుకోండి. "తక్కువయితే మళ్ళీ తెచ్చుకోవచ్చు" అంటారు. మళ్ళీ తెచ్చినది ఒకటే రంగు అని పెట్టెమీద రాసి వున్నా, నేలమీద పరిస్తే వేరే రంగే.

వేయించడంలోనే ఎక్కువ నేలలు పాడవుతాయి. పాతరోజుల్లో మేస్త్రి టైల్సును రాత్రంతా నీళ్ళ తొట్లో నానబెట్టేవాడు. నీరు పీల్చే సిరామిక్‌కు అది సరైనదే. విట్రిఫైడ్ నీరు పీల్చదు, అందుకే వట్టి సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టుకోలేవు. దానికి టైలు అడ్హెసివ్ అనే జిగురు సంచుల్లో వస్తుంది, అది వాడాలి. ఖర్చు ఎక్కువే, తప్పదు. పలక నాలుగు మూలలా ముద్ద పెట్టి మధ్యలో ఖాళీ వదిలేస్తారు కొందరు. అక్కడ బరువైనదేదయినా పడితే పగులుతుంది. ఆరిన మరునాడు రూపాయి బిళ్ళతో ప్రతి పలకనూ తట్టుకుంటూ వెళ్ళండి. డొల్ల చప్పుడు వచ్చినచోట సుద్దతో గుర్తు పెట్టి, కూలి డబ్బు పూర్తిగా ఇవ్వకముందే తీసి వేయించండి.

ఇంకోటి, సందు. "సందు కనబడకుండా వేసెయ్ నాయనా" అని మనమే అంటాం, మేస్త్రికి అదే గొప్ప పనితనం. ఎండాకాలం నలభై రెండు డిగ్రీలకు పలక కొంచెం సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే రెండు పలకలు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. మొదట చెప్పిన గుడారం అదే. పలకకూ పలకకూ రెండు మిల్లీమీటర్లు, గోడ పక్కన ఇంకాస్త ఎక్కువ సందు వదిలించండి, గోడ పక్కది ఎలాగూ స్కర్టింగు కింద దాగిపోతుంది. వంటింట్లోనూ బాత్రూములోనూ ఆ సందుల్లో ఎపాక్సీ పూయిస్తే మురికి పట్టదు. బాత్రూములో నీళ్ళు పోయే వాటం పలకలు అతికించకముందే బకెట్టు నీళ్ళు గుమ్మరించి చూసుకోవాలి. "ఏం కాదమ్మా, అందరిండ్లల్ల గిట్లనే వేస్తరు" అంటాడు మేస్త్రి. మీరు మటుకు బకెట్టు వదలకండి.

ఆ పనివాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. బాల్కనీలో కూర్చుని కటింగు మిషనుతో గ్రానైటునో టైలునో పొడిగా కోస్తుంటే లేచే తెల్లని దుమ్ము మామూలు దుమ్ము కాదు. అందులో వుండేది క్వార్ట్జ్ పొడి, అంటే సిలికా. కంటికి కనిపించనంత సన్నని పొడి ఊపిరితిత్తుల్లో చేరి అక్కడే వుండిపోతుంది. కొన్నేళ్ళకు సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. అది తగ్గే జబ్బు కాదు. ఇప్పుడు వంటింటి గట్లకు క్వార్ట్జ్ పలకలని కొత్తగా వస్తున్నాయి చూడండి, క్వార్ట్జ్ పొడిని జిగురుతో అచ్చుపోసినవి. వాటిలో నూటికి తొంభై పాళ్ళ దాకా సిలికాయే. వాటిని కోసే యువకులు జబ్బుపడటం చూసి ఆస్ట్రేలియా దేశం 2024 జూలై 1 నుంచి ఆ పలకలను పూర్తిగా నిషేధించింది. గట్టు మీద వున్నప్పుడు మనకు దానివల్ల ప్రమాదం లేదు, కోసే కుర్రవాడికే. మీ ఇంట్లో పని జరుగుతుంటే కోసేచోట నీళ్ళు పోస్తూ కొయ్యమని గట్టిగా చెప్పండి. జేబురుమాలు కట్టుకుంటే ఆగేది కాదది, ఎన్ 95 మాస్కులు ఒక పెట్టె కొని ఇవ్వండి. పదివేల రాళ్ళ పక్కన వాటి ఖర్చు ఎంత?

ఇక రోజువారీ శుభ్రం. ముందు ఇసుక రాకుండా చూడండి. గుమ్మం బయట గరుకు పట్టా, లోపల మెత్తటి పట్టా. తడిగుడ్డకు ముందు చీపురు తప్పనిసరి. రాతి నేలకు నీళ్ళూ, కొద్దిగా ఘాటులేని సబ్బునీళ్ళూ చాలు. ఫినాయిలు, సబ్బు ఎక్కువ పోస్తే పొర కట్టి నేల మసకబారుతుంది, జారుతుంది కూడా. మా వైపు బోర్లలో నీళ్ళు ఉప్పన, సబ్బు నురుగు రాదు. ఆ నీళ్ళతో తుడిచి వదిలేస్తే ఆరేసరికి తెల్లని చారలు. మరోసారి పొడిగుడ్డతో తుడవండి, అంతకంటే మందు లేదు. పేరుకుపోయిన తెల్లని మరకలు టైలుమీద అయితే నీళ్ళు కలిపిన వెనిగర్‌తో పోతాయి. రాయిమీద మటుకు వెనిగర్ వద్దు, ఎందుకో మీకిప్పుడు తెలుసు. దిష్టికని శుక్రవారంనాడు కళ్ళుప్పు వేసి తుడిచే అలవాటు చాలా ఇళ్ళలో వున్నది. అలవాటును నేను కాదనను. షాబాద్, తాండూరు బండలమీద మటుకు ఉప్పునీరు లోపలికి ఇంకి, ఆరేటప్పుడు ఉప్పు గడ్డకట్టి, పై పొరను లేపుతుంది. ఉప్పు గిన్నెలో పోసి ఒక మూల పెట్టుకోండి.

గడపకు రాసిన పసుపు టైల్సు సందుల్లో పట్టుకుంటే కంగారు పడకండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. వెలుతురు తగిలే చోటయితే కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది. పూజగది పాలరాయిమీద దీపం నూనె ఒలికితే, రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. ముల్తానీ మట్టినో వంటసోడానో నీళ్ళతో ముద్దగా కలిపి మరకమీద దళసరిగా పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఒక రోజు వుంచండి. తరవాత కాగితం తీసి ఆరనివ్వండి. ఆరుతూ ఆరుతూ నూనెను పైకి లాక్కుంటుంది. పాత మరకకు రెండు మూడుసార్లు చెయ్యాలి.

యాసిడ్ సీసా గురించి చెప్పకుండా ముగించలేను. బాత్రూము కడిగే యాసిడ్ సందుల్లో సిమెంటును తినేస్తుంది. సందు లోతై, నీరు వెనక్కి చేరి, కింది ఇంటివాళ్ళ పైకప్పు చెమ్మగిల్లుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి. మురికి బాగా పోవాలని యాసిడ్ పోసి, దానిమీదే బ్లీచింగు పొడి చల్లేవాళ్ళున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులమీద వదిలింది ఆ వాయువునే. తలుపు వేసుకుని చిన్న బాత్రూములో కడిగేవాళ్ళకు నిమిషాల్లో ఊపిరాడదు. పనమ్మాయికి ఈ సంగతి మీరే చెప్పాలి, సీసామీద సన్నని అచ్చు ఆమె చదవదు. రెండు సీసాలూ ఒకే మూల పెట్టకండి. ఎప్పుడయినా ఘాటు వచ్చి కళ్ళు మండితే, అక్కడ నిలబడి నీళ్ళు పొయ్యాలని చూడవద్దు. వెంటనే బయటికి వచ్చి తలుపులు తెరిచి, గాలి పోసుకోండి. దగ్గు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

సందుల్లో బూజుకు వంటసోడా ముద్ద పట్టించి, పాత పళ్ళబ్రష్షుతో రుద్దండి. వారానికొకసారి చేస్తే యాసిడ్ అవసరమే రాదు. సందు పిండి రాలిపోతే చిన్న పొట్లం తెచ్చి మళ్ళీ నింపించాలి. వూరికే వదిలేస్తే పలకే వూడుతుంది.

పని అయ్యాక మిగిలిన పలకలు మేస్త్రి తీసుకువెళతానంటాడు. ఇవ్వకండి. గదికి నాలుగు చొప్పున పాత పెట్టెలోనే సజ్జమీద నిలువుగా ఆనించి పెట్టండి. పడుకోబెట్టి వాటిమీద బరువు పెడితే పగులుతాయి. పెట్టెమీది పేరు, నంబరు, షేడు కత్తిరించి, షాపు బిల్లుకు గుచ్చి, కరెంటు బిల్లులున్న ఫైల్లో వుంచండి.